ముందుగా పలకరించని మనిషి

పోయిన వారం మీరు నన్ను బజారు మలుపులో నిలబెట్టి వెళ్ళారు. ఇంకా అక్కడే ఉన్నాను. చంకలో రెండు దిండ్లు. రోడ్డుకి అవతల గడియారాల కొట్టు ముందు మా మేడమీదమ్మాయి. ఆమెకి ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో, నా తమ్ముడు.

మా వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. నాది పరుపుల కొట్టు. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో దూది కూరడం, కుట్టడం. కొట్టు మీద నా ఇల్లు, ఇంటి మీద ఒక గది. ఆ గదిలో అద్దెకుంటుంది మేడమీదమ్మాయి. ఒక సేవాసంస్థలో పని. తాగుడు మానాలనుకునేవాళ్ళు, ఇల్లు విడిచి వచ్చినవాళ్ళు, ఆస్పత్రి నుంచి బయటపడి ఎటు పోవాలో తెలియనివాళ్ళు, వీళ్ళ మంచీచెడ్డా చూడటం ఆమె ఉద్యోగం. ఆ సంస్థకి ఊళ్ళో చాలాచోట్ల ఇళ్ళున్నాయి. ఏ రోజు ఏ ఇంటికి పోతుందో చెప్పదు.

తమ్ముడు మా కొట్లోనే పరుపులు కుట్టేవాడు. వాడి కుట్టు గీత గీసినట్టుండేది. తాగడం మొదలుపెట్టాక గీత వంకర పోయింది. ఒకరోజు కుడుతూ కుడుతూ దబ్బనం లోపలే వదిలేసి పరుపు మూసేశాడు. మా పనిలో అంతకి మించిన తప్పు లేదు. ఆ పరుపు కొన్న ఇంట్లో ముసలావిడకి అది వీపులో దిగింది. చీము పట్టి ఆస్పత్రిలో పడుకుంది. ఎలాగో బతికింది. ఆ కబురు విన్న సాయంత్రమే తమ్ముడు కట్టుబట్టలతో వెళ్ళిపోయాడు. వాడిని చిన్నప్పటి నుంచి పెంచింది మా ఆవిడ. వాడి కోసం సందుగొందులన్నీ తిరిగింది. తిరిగి తిరిగి, ఏడాది నిండకుండానే గుండె ఆగి పోయింది.

ఇక మలుపు దగ్గరికి వద్దాం.

తమ్ముడు చిక్కిపోయాడు గానీ నడక నిలకడగా ఉంది. వాడు నన్ను చూడలేదు. మేడమీదమ్మాయిని చూశాడు. అమ్మాయి వాడిని చూసింది. చూసి, తల తిప్పి, గడియారాల అద్దంలోకి చూడసాగింది. వాడూ ఆగలేదు. ముక్కూమొహం తెలియని మనిషిని దాటినట్టు ఆమెని దాటి జనంలో కలిసిపోయాడు. నేను దిండ్లు వదిలేసి పరిగెత్తాను. నా వయసులో పరుగంటే వచ్చేపోయేవాళ్ళకి అడ్డం పడటమే. వాడు దొరకలేదు. తిరిగొచ్చేసరికి ఒక దిండు పోయింది, రెండో దాని మీద ఎవరిదో చెప్పు ముద్ర ఉంది.

కొట్టుకొచ్చి కూర్చుని లెక్క వేశాను. నాకు తెలిసిన పని అదొక్కటే.

మేడమీదమ్మాయి ఊరందరినీ పలకరించే మనిషి. టీ కొట్టాయన్ని, తాళాలాయన్ని, వాళ్ళ కుక్కని కూడా పలకరించకుండా మెట్లెక్కదు. అలాంటిది, వీధిలో కొందరు ఎదురైతే మాత్రం గోడనో ఆకాశాన్నో చూసుకుంటూ పోయేది. ఇంత పొగరేంటా అనుకుని ఒకసారి అడిగాను కూడా. నవ్వింది. "పొగరు కాదు బాబాయ్ గారూ. పనిలో నాకు తెలిసినవాళ్ళని బయట నేను ముందుగా పలకరించను. పక్కనున్నవాళ్ళు 'ఎవరావిడ' అంటే పాపం వాళ్ళేం చెప్పుకుంటారు? తాగుడు మాన్పించే మేడమ్ అనా? వాళ్ళు పలకరిస్తే మాట్లాడతాను. లేకపోతే నేనెవరో, వాళ్ళెవరో."

అప్పుడు భలే పద్ధతి అనుకున్నాను. ఇప్పుడు ఆ పద్ధతినే తక్కెడలో పెట్టాను. తమ్ముడు ఆమెకి నిజంగా తెలియని మనిషే అయితే ఏం చేసేది? మీదకి వచ్చినట్టు నడిచే మగవాడిని ఒకసారి ఎగాదిగా చూసేది, పక్కకి జరిగేది. అద్దంలో గడియారాలు చూడదు. చూసిందంటే వాడు ఆమె మనిషే. వాడు ఎక్కడ తింటున్నాడో, ఎక్కడ పడుకుంటున్నాడో ఆమెకి తెలుసు. నా మెట్లెక్కి దిగే మనిషికి తెలుసు.

ఆమె వచ్చేసరికి ఇంకా వెలుతురు పోలేదు. ఎప్పటిలాగే గుమ్మంలో ఆగి, "తిన్నారా బాబాయ్ గారూ?" అంది.

"కూర్చో అమ్మాయ్."

అమ్మకానికి పెట్టిన పరుపుల దొంతర మీద కూర్చుంది. నేను ఎదుట స్టూలు లాక్కున్నాను. బేరంలో మనం అవతలివాళ్ళకంటే ఎత్తులో కూర్చోవాలి. ఆ రోజు మరిచిపోయి కింద కూర్చున్నాను.

"ఇవాళ గడియారాల కొట్టు దగ్గర నిన్ను చూశాను."

"అవునా? పిలవాల్సింది."

"నీ పక్కనుంచి వెళ్ళిన మనిషి నా తమ్ముడు."

ఆమె మొహంలో ఏమీ కదల్లేదు. ఈ రంగంలో వాళ్ళకి అది నేర్పిస్తారనుకుంటాను. కానీ ఒళ్ళో ఉన్న సంచీ పట్టీని వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఎలా ఉన్నాడు?" అన్నాను.

"బాబాయ్ గారూ, మీరడిగే మనిషి నాకు తెలుసని నేను అనలేను. తెలియదనీ అనలేను."

"తెలియకపోతే తెలియదంటావు. అందులో కష్టమేముంది?"

"తెలియనివాళ్ళ గురించి అడిగినా ఇలాగే అంటాను. ఎవరి గురించి అడిగినా ఇదే మాట. లేకపోతే నేను తెలియదన్నప్పుడల్లా ఒక అర్థం, మాట దాటేసినప్పుడల్లా ఇంకో అర్థం వచ్చేస్తుంది."

"వచ్చేసిందమ్మా. నువ్వు నోరు తెరవకుండానే వచ్చేసింది. నువ్వు పలకరించని మనుషులెవరో నాకు నువ్వే చెప్పావు."

అప్పుడు కదిలింది ఆ మొహం. పరుపు మీద రెండు చేతులూ ఆన్చి, వాటివంకే చూస్తూ ఉండిపోయింది. మనిషిని కాపాడటానికి పెట్టుకున్న అలవాటు ఆ మనిషినే పట్టిచ్చింది. ఆ అలవాటు గురించి నాకు కబుర్లలో చెప్పింది తనే. నాకు జాలి వేసింది. కానీ బేరం మధ్యలో జాలి పడితే సరుకు చేజారుతుందని ఆపుకున్నాను.

"వాడు నా తోడబుట్టినవాడు. వాడు ఎక్కడున్నాడో తెలుసుకునే హక్కు నాకు లేదా?"

"మీకు తెలుసుకోవాలని ఉండటం న్యాయమే. కానీ ఎక్కడున్నాడో చెప్పాలా వద్దా అన్నది, ఒకవేళ అలాంటి మనిషి నా దగ్గర ఉంటే, ఆ మనిషి ఇష్టం. నా ఇష్టం కాదు, మీ ఇష్టం కాదు."

"ఈ 'ఉంటే'లు నా దగ్గరెందుకమ్మా? నేను కోర్టునా?"

"కాదు. అందుకే ఇంత కష్టంగా ఉంది."

నేను గొంతు తగ్గించాను. కొనేవాడు లేవబోతున్నప్పుడు తగ్గించినట్టు. "సరే. అడ్రసు వద్దు. నేనేదీ చూడలేదు, నువ్వేదీ వినలేదు. ఇద్దరం మరిచిపోదాం. నేను చూశానని మాత్రం వాడికి తెలియనివ్వకు. తెలిస్తే మళ్ళీ పారిపోతాడు. వాడి సంగతి నాకు తెలుసు."

ఇంతకంటే మంచి బేరం ఎవరిస్తారు? ఆమెకి ఏ నష్టమూ లేదు. తల అడ్డంగా ఊపింది.

"రేపు పొద్దున్నే చెప్పాలి బాబాయ్ గారూ."

"ఎవరికి?"

"ఎవరి గురించి అడిగారో ఆ మనిషికి." ఈసారి 'ఉంటే' అనలేదు. అలిసిపోయినట్టుంది. "తన గుట్టు నా వల్ల బయటపడితే ముందు తెలియాల్సింది తనకే. నేను ఎవరింట్లో ఉంటున్నానో కూడా చెప్పాలి."

"చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలియదు."

"మరి?"

"ఒకరి రహస్యాన్ని దాచడం నా పని. కానీ ఆ మనిషి దగ్గరే ఇంకో రహస్యం దాచితే నేను వాళ్ళకి ఏమవుతాను? వాళ్ళందరినీ ఇంతకు ముందే ఎవరో ఒకరు వాళ్ళ మంచి కోసమే మోసం చేసి ఉంటారు. నేను కూడానా?"

నాకు ఒళ్ళు మండింది. దబాయింపులోకి దిగాను. "రేపు నీ వెనకాలే వస్తాను. నువ్వెక్కిన బస్సు నేనూ ఎక్కుతాను. ఎవరాపుతారో చూస్తా."

"ఎవరూ ఆపరు. కానీ మీరు వెనక వస్తే నేను అక్కడికి వెళ్ళను."

"గది ఖాళీ చెయ్యమంటే?"

"అది నేనే అడుగుదామనుకుంటున్నాను. నెలాఖరుకి ఖాళీ చేస్తాను."

బెదిరించడానికి వాడిన మాటని అవతలివాళ్ళు మారుమాట లేకుండా ఒప్పేసుకుంటే వ్యాపారంలో అంతకంటే నష్టం ఇంకోటి లేదు. నేను స్టూలు మీద కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఉన్నాను. ఆమె లేచి, తను కూర్చున్న చోట పరుపు మీద ముడతలు అరచేత్తో సర్ది, మెట్లెక్కి వెళ్ళిపోయింది. పైన తలుపు వేసిన చప్పుడు వినిపించింది. నెలాఖరు తర్వాత అది కూడా వినిపించదు.

పొద్దున్నే లేచి నా పరుపు వంక చూసుకున్నాను. నేను పడుకునే వైపు గుంట, అవతలి వైపు ఎత్తు. కొన్నవాళ్ళందరికీ చెప్తాను, అప్పుడప్పుడూ తలవైపుది కాళ్ళవైపుకి తిప్పి వెయ్యండి, రెండు పక్కలా సమంగా అణుగుతుంది అని. మా ఆవిడ పోయాక నేను తిప్పలేదు. తిప్పితే ఆమె పడుకున్న చోట నేను పడుకోవాలి.

ఆమె మెట్లు దిగిన చప్పుడు విని కొట్టు తెరవకుండా వెనకే బయల్దేరాను. వస్తానన్నానుగా, వెళ్ళకపోతే మాట పోతుందని నాకు నేనే చెప్పుకున్నాను. తాళాలాయన అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు.

"ఏంటన్నా, పొద్దున్నే వాకింగా? డాక్టరు భయపెట్టాడా?"

"నీ మొహం చూడకుండా రోజు మొదలుపెడదామని."

"చూసేశావుగా. ఇంటికి పో."

ఆమె బస్టాపు దగ్గరికి వెళ్ళింది. నేను కిళ్ళీ కొట్టు చాటున నిలబడ్డాను. ఒక బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఇంకోటి వచ్చింది, ఎక్కలేదు. బెంచీ మీద కూర్చుని సంచీ ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా గోడ చూస్తోంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. నేను అక్కడున్నానని ఆమెకి ఎలా తెలుసో నాకు తెలియదు. తెలుసన్నది మాత్రం తెలుసు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, బెంచీ మీద మనుషులు మారుతున్నారు, ఆమె మారట్లేదు. నేను చూసినంత సేపూ అక్కడెక్కడో వాడి దగ్గరికి వెళ్ళాల్సిన మనిషి వెళ్ళకుండా ఆగిపోతోంది. నా లాభం కోసం నేను వాడి నుంచే ఏదో లాక్కుంటున్నాను. ఈ లెక్క తేలేసరికి ఎండ కాళ్ళమీదికి వచ్చింది. వెనక్కి తిరిగి నడిచాను. మలుపులో ఆగి చూస్తే బెంచీ ఖాళీగా ఉంది.

ఆ రోజు కొట్టుకి ఒకే ఒక్కడు వచ్చాడు. ఒంటిమంచం పరుపు కావాలన్నాడు. ఒంటిమంచం పరుపులు కొనేవాళ్ళు త్వరగా కొంటారు. ఇది వద్దు, అది చూడు అనేవాళ్ళు పక్కన ఉండరు. మొదట చూపించిందే తీసుకుని, నేను చెప్పిందే ఇచ్చి, భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. పోనీ ఇంకోటి చూడండి అని నేనే అనబోయాను, అప్పటికే వీధి దాటేశాడు.

సాయంత్రం ఆమె నేరుగా కొట్లోకి వచ్చింది. తిన్నారా అని అడగలేదు. నేను లేచి పరుపుల దొంతర చూపించాను. కూర్చోకుండా దాన్ని ఆనుకుని నిలబడింది.

"మా పెద్ద మేడమ్‌కి అంతా చెప్పాను. ఇక మీ తమ్ముడి సంగతులు నేను చూడను, ఇంకొకరు చూస్తారు. తర్వాత మీ తమ్ముడితో మాట్లాడాను. తను మీకు చెప్పమన్నవి మాత్రం చెప్తాను. అవి తప్ప ఇంకేం అడగొద్దు."

"పారిపోలేదా?"

"లేదు. కోపం వచ్చింది. నా మీద. తర్వాత, నువ్వు నన్ను పలకరించకపోవడం చూసి అన్నయ్య పట్టేశాడా అని నవ్వాడు. అన్నయ్య దగ్గర ఏదీ దాగదు అన్నాడు."

వాడు నవ్వాడన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ నవ్వు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోబోతే మొహం వచ్చింది గానీ చప్పుడు రాలేదు.

"తాగడం మానేశాడు. చాలా రోజులైంది. చెయ్యి వణకడం తగ్గింది. అక్కడ వంటపనిలో సాయం చేస్తున్నాడు. సూది మాత్రం ముట్టుకోనన్నాడు, దిండు గలీబు చిరిగినా పక్కవాడికే ఇస్తాడు." ఆమె ఊపిరి తీసుకుంది. "ఇవి మీకు చెప్పమన్నాడు. ఇంకోటి కూడా చెప్పమన్నాడు. మీరు రావద్దన్నాడు."

"నేనా?"

"అన్నయ్య తిట్టడు, కొట్టడు. నిలబెట్టి చూస్తాడు. ఎంత అరిగాడు, ఎంత మిగిలాడు అని చూస్తాడు. ఆ చూపుకి నేనింకా తట్టుకోలేను అన్నాడు. ఇవి తన మాటలే బాబాయ్ గారూ. మార్చలేదు."

పాత పరుపు ఎవరైనా తిరిగి తెస్తే నేను చేసేది అదే. విప్పకుండానే పైన చెయ్యి వేసి లోపలి దూది ఎంత మిగిలిందో చెప్పేస్తాను. కొట్లో అందరూ మెచ్చుకునేవాళ్ళు. వాడు పక్కనే కూర్చుని కుట్టుకుంటూ ఉండేవాడు. ఏమీ అనేవాడు కాదు.

"సరే," అన్నాను. "రానులే. బాగున్నాడు, అది చాలు."

ఆమె కదల్లేదు. మెట్ల వైపు చూసింది. ఆ మెట్ల దగ్గర గోడకి మా ఆవిడ ఫోటో ఉంది. రోజూ దాన్ని దాటుకునే ఆమె పైకి వెళ్తుంది.

"వదినని పంపమన్నాడు," అంది. "వదినని ఒక్కదాన్నే."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"వాడికి తెలియదా?" అన్నాను.

"తెలియదు."

"నీకు తెలుసుగా. నువ్వు చెప్పలేదా?"

ఇప్పుడు కూర్చుంది. కూర్చోవడం కాదు, ఒరిగింది.

"వచ్చిన కొత్తలో తను ఏమీ మాట్లాడేవాడు కాదు. తర్వాత తర్వాత మాట్లాడితే వదిన గురించే. వదిన దారం పళ్ళతో తెంపేదని, కత్తెర పక్కనే ఉన్నా తీసుకోదని. పైన కూర్చుని పప్పు ఏరుతూ కింద ఎవరు బేరమాడుతున్నారో గొంతు బట్టి చెప్పేదని. ఇవన్నీ నేను అప్పటికే విని ఉన్నాను. మీరు చెప్పగా. ఇక్కడే కూర్చుని. ఆ రోజు తెలిసింది, ఎవరింట్లో ఉంటున్నానో. అప్పటిదాకా నాకు తెలియదు."

"ఎప్పుడు?"

"చాలా రోజులైంది. అప్పుడే పెద్ద మేడమ్‌కి చెప్పాను. ఇంకా నిలదొక్కుకోని మనిషి, వదిన మీద ఆశతోనే రోజు గడుపుతున్నాడు, కొన్నాళ్ళు ఆగి జాగ్రత్తగా చెబుదాం, ఈలోపు నువ్వు గది మారిపో అందావిడ. మారలేదు. చూస్తున్నానండీ, దొరకట్లేదండీ అని చెప్తూ వచ్చాను. వెతకలేదు."

"ఎందుకు?"

ఆమె సంచీ పట్టీని మళ్ళీ వేలికి చుట్టుకుంది.

"సాయంత్రం నేను తిన్నారా అంటే, నువ్వు తిన్నావా అని తిరిగి అడిగే మనిషి ఈ ఊళ్ళో మీరొక్కరే. అందుకు."

ఆమె ఎక్కడి నుంచి వచ్చిందో, వెనక ఎవరున్నారో ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అద్దె వాళ్ళని అడగాల్సినవన్నీ అడిగాను, అదొక్కటి తప్ప. ఊరందరి ఒంటరితనం మోసే మనిషికి తనదంటూ ఒకటి ఉంటుందని నా లెక్కలోకి రాలేదు.

"తప్పే," అంది తనే. "ఎవరి బాధ వినడానికి జీతం తీసుకుంటున్నానో ఆ బాధ మీద నాకు ఇంకో అక్కర ఉండకూడదు. తను వదిన గురించి చెప్తుంటే విని, ఇంటికొచ్చి ఆ ఫోటో పక్కనుంచి మెట్లెక్కేదాన్ని. ఇద్దరి మాటలూ నా దగ్గరే ఉండేవి, ఎవరిదీ ఎవరికీ ఇవ్వలేక. సరే, అప్పుడు చెప్పకూడదన్నారు, చెప్పలేదు. ఇవాళ చెప్పొచ్చు. ఎవరింట్లో ఉంటున్నానో చెప్పేశాక ఇక దాచాల్సిన పనే లేదు. వదిన ఎలా ఉందని ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేదాన్ని."

"అడగలేదా?"

"అడగలేదు. వదిన ఉందన్నట్టే మాట్లాడాడు. వదినని పంపమను, నేను జుట్టు కత్తిరించుకోవాలి, ఇలా చూస్తే తిడుతుంది అన్నాడు. లేచి కత్తెర కోసం వెళ్ళిపోయాడు. నా నోరు పెగల్లేదు. ఇన్నాళ్ళూ చెప్పకుండా ఉండటమే నేర్చుకున్నాను. చెప్పాల్సి వచ్చేసరికి చేతకాలేదు."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే ఏదో ఒకటి అని ఓదార్చేవాడిని. ఊరికే నేల చూస్తూ కూర్చుంది.

"రేపు పొద్దున్న పని ముగించుకుని గేటు దగ్గర బెంచీ మీద కూర్చుంటానన్నాడు. ఇవాళే చెప్పేస్తానని మళ్ళీ పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఆపింది. అది ఆ ఇంటి కబురు, ముందు ఆ ఇంటాయన్ని అడుగు, ఆయన చెప్తాడా, మనం చెప్పాలా అని. అడగడానికే వచ్చాను."

లెక్క వేశాను. వాళ్ళు చెప్తే వాడు పరాయివాళ్ళ మధ్య వింటాడు. విన్నాక ఎవరి దగ్గరికి పోతాడు? సీసా దగ్గరికి పోతాడు. నేను చెప్తే, రావద్దన్న మనిషి వచ్చి చెప్పినట్టవుతుంది. వదిన ఎదురుగా కనిపిస్తుందని తలెత్తిన వాడికి నేను కనిపిస్తాను. అది చాలు, నేను నోరు విప్పేలోపే వాడికి అంతా అర్థమైపోతుంది. ఎవరూ వెళ్ళకపోతే బెంచీ మీద కూర్చుని ఉంటాడు, వదిన కూడా వద్దనుకుంది అనుకుంటాడు. ఏ వైపు నుంచి కూడినా నష్టమే తేలుతోంది. ఏ నష్టం నాకు, ఏ నష్టం వాడికి అన్నదొక్కటే తేడా.

"నేనే చెప్తాను," అన్నాను. "ఎక్కడ ఆ ఇల్లు?"

ఆమె తలెత్తింది. ఆ కళ్ళలో చూసి నాకు ముందే తెలిసిపోయింది.

"అది వదినకి చెప్పమన్నాడు బాబాయ్ గారూ. మీకు చెప్పమనలేదు."

ఇంకొకరైతే ఆ మాటకి కొట్టేవాళ్ళేమో. నేను కొన్నాళ్ళ క్రితమైతే కనీసం అరిచేవాణ్ణి. కానీ పొద్దున బస్టాపులో ఆమె బస్సులు వదిలేయడం చూసినవాణ్ణి. ఇంత తప్పు చేశానని తనే ఒప్పుకున్న మనిషి, ఇంకా ఆ ఒక్క గీత దగ్గరే కాలు కదపకుండా నిలబడింది. వాడి మాట మీద అంత గట్టిగా నిలబడే మనిషి వాడికి ఈ లోకంలో ఇంకొకరు లేరు. నేనూ కాను. నేను నిన్ననే వాడి వెనక బేరం పెట్టాను.

లేచి చెప్పులు వేసుకున్నాను. కొట్టు దీపం ఆర్పాను.

"ఎక్కడికి?" అంది.

"మీ పెద్ద మేడమ్ ఇంటికి. ఆవిడ అడ్రసు చెప్పొద్దని నీకెవరూ చెప్పలేదుగా?"

"చెప్పలేదు."

"అయితే నడు. నేను రావాలో వద్దో వాడినే అడగమందాం ఆవిడని. వదిన ఎందుకు రాలేదో చెప్పకుండా ఆ ప్రశ్న ఎలా అడుగుతారో నాకు తెలియదు. ఆవిడకి తెలుసేమో. తెలియకపోతే ముగ్గురం కూర్చుని ఆలోచిద్దాం."

ఆమె సంచీ భుజాన వేసుకుంది. షట్టరు దించుతుంటే అవతలి అంచు తను పట్టుకుంది. వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. కొంత దూరం నడిచాక అడిగింది, "తను రమ్మంటే, ముందు ఏమంటారు బాబాయ్ గారూ?"

ఎవరినైనా అడగండి, మొదటి మాట సిద్ధం చేసుకోకుండా నేను గడప దాటి బేరానికి వెళ్ళిన రోజు లేదు. ఆ సాయంత్రం ఎంత వెతుక్కున్నా నా దగ్గర ఒక్క మాట కూడా లేదు. వీధి చివర ఆమె కుడివైపుకి తిరిగింది. నేనూ తిరిగాను.